పదకొండు సెకన్లు

బాలానగర్ దాటి రాజాపూర్ తొవ్వల
నీలిరేకుల గోదాము మాది.
టీవీలు ఈడ పుట్టవు.
యాడ్నో పుట్టి కంటైనర్ల వడి వస్తయి,
నొసట ఏ రాతా లేకుండ,
నాలుగు వందలు, ఆరు వందలు,
అన్నీ ఒక్క తల్లి పిల్లలే.

వాటికి పేరు పెట్టేది మేము.

పొద్దుగాల లిస్టు వస్తది.
నూట ఇరవై బెంగుళూరు షాపుకు: ఎర్ర అట్టపెట్టె, కన్నడ కాయితం,
స్విచ్చేస్తే తెర మీద చిలుక ఎగరాలె.
ఎనభై నాగపూర్‌కు: వెండి స్టిక్కరు,
రిమోట్ల గుండీ ఒకటి ఎక్కువ.
మిగిలినవి మన దిక్కు కిస్తుల దుకాణాలకు.
వాళ్లకు చిలుకా వద్దు, వెండీ వద్దు,
గ్యారంటీ బిళ్ల మాత్రం పళ్లెమంత ఉండాలె.

నాది ఐదో టేబులు.
వెనకాల పెన్‌డ్రైవ్ గుచ్చుత.
పాత ముఖం తుడుచుకపోతది.
కొత్త ముఖం వచ్చేదాక పదకొండు సెకన్లు.
అప్పుడు తెర మీద
చీకటివడే యాళ్ల నీలం తప్ప ఏం ఉండదు.
అది ఏ దుకాణందీ కాదు. దానికి ధర లేదు.
అండ్ల నా ముక్కుపుల్ల కనవడ్తది,
వెనక సోనీబాయి కొప్పు,
పైన గిర్రున ఫ్యాను.
మల్ల చిలుక ఎగుర్తది.

సోనీబాయి స్టిక్కర్ల మనిషి.
తండా నుంచి షేర్ ఆటోల వస్తది.
వాళ్లమ్మ రైకలకు అద్దాలు కుట్టేదంట.
గాలిబుడగ ఒక్కటి మిగలకుండ
బొటనవేలితోటి మెల్లగ తోస్తది,
పసిపిల్ల కడుపు నిమిరినట్టు.
"దారం లేదు గని, చెయ్యి అదే" అంటది.

ఒకపారి నాగపూర్ పెట్టెలల్ల చిలుకలు పోయినయి.
లాటు మొత్తం వాపస్.
యాకూబ్ సారు అరవలె, కుర్చీల కూసొని నీళ్లు తాగిండు.
మాకు ఒకటిన్నర దినం కూలి కట్.
చిలుకలకేమో ఏం కాలె.

పదకొండు నెలలకొకసారి మమ్ముల గూడ తుడుస్తరు.
ఏజెన్సీ మారుతది.
మెడల పచ్చతాడు పోయి నారింజ తాడు వస్తది,
నంబరు మారుతది,
జీతం మల్ల మొదటి దినం జీతమే.
పాత కార్డు శనివారం వాపస్ ఇస్తం,
కొత్తది సోమవారం.
నడుమ ఆదివారం
నేను ఎవ్వరి మనిషిని కాదు.
పల్లికాయ ఒలుచుకుంట గడప మీద కూసుంట,
ఎవరన్న పిలిస్తే జెర ఆలస్యంగ పలుకుత.

పోయిన ఆదివారం
మా చిన్నమ్మ బుగ్గమ్మ టీవీ కొంటనంటే
పాలమూరు గడియారం కాడ దుకాణానికి పోయినం.
గోడకు రెండు, పక్కపక్కన.
ఒకదాండ్ల చిలుక, ఒకదాని అంచుకు వెండి.
నడుమ నాలుగు వేల రెండువందల తేడా.
"దీని రంగు వేరక్కా, దాని రంగు వేరు,
ఇది పెద్ద కంపెనీది" అన్నడు ఆ పిలగాడు.
మీసం ఇంక సరిగ రాలె. ఎవరో నేర్పిన మాటలు.

నేను ఏమనలె.
రిమోట్ తీస్కొని
మాకే ఎరుకైన వరుసల మూడు గుండీలు ఒత్తిన.

రెండు తెరలూ
ఒక్కసారే నీలమైనయి.

దుకాణంల మాట ఆగింది.
చిన్నమ్మ దగ్గరికి పోయి చూసి,
"గివి కవలలా?" అన్నది.
వెండి బిళ్ల మూలకు
బొటనవేలి గీత ఒకటి, వెలుతురుకు వంగితే కనవడ్తది.
అది ఎవరిదో నాకు తెలుసు.

"మీరు ఏ కంపెనీ అక్కా?"
పిలగాడు భయంగ అడిగిండు.
అలవాటుకు మెడల చెయ్యి పెట్టిన.
తాడు లేదు.
తెరల మేం ముగ్గురం నిలవడ్డం, నీలంగ,
ధర చీటీ ఒకటి ఫ్యానుగాలికి కొట్టుకుంటుంది.

ఏడు.
ఎనిమిది.
జెర ఆగు తమ్మీ, అన్న.
తొమ్మిది.
పది.